పొరలలో పాత యెంత, కొత్త యెంత?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



పల్లెటూరిలో ఒక గ్రంథాలయము ఇరువదియైదేండ్లు తలుపు మూయక నిలుచుట సామాన్యమైన విషయము కాదు. పంట పండిన యేడు చందా ఇచ్చుట తేలిక. వాన మొగము చాటు చేసిన యేడును ఇచ్చినవారు ఉండబట్టియే ఈ ఉత్సవము జరుగుచున్నది. ఇట్టి సభలో గ్రంథముల గొప్పతనమును గూర్చి చెప్పుట ఆచారము. నేనును ఆ ఆచారమును తప్పను గాని, కొంచెము చుట్టుదారిన వత్తును. పేటెంటు కార్యాలయములో పొరలు పొరలుగా నుండు ఒక చిన్న విద్యుత్పరికరమును ఎట్లు పరీక్షింతురో చెప్పి, ఆ పరీక్షకును మన బీరువాలోని పుస్తకములకును గల చుట్టరికమును చూపింతును.

పేటెంటు అనగానేమి? ఒకడు కొత్త వస్తువునో, కొత్త పద్ధతినో కనిపెట్టి, దాని మర్మమును దాచక లోకమునకు వెల్లడించినచో, దరఖాస్తు పెట్టిన నాటినుండి ఇరువది సంవత్సరములు అతని అనుమతి లేక ఇతరులు దానిని చేయరాదు, అమ్మరాదు అని ప్రభుత్వము ఇచ్చు హక్కు. గడువు తీరిన పిమ్మట అది అందరి సొత్తగును. కనుక ఇది యొక ఒప్పందము. ఒప్పందమన్నప్పుడు ఇచ్చినదానికి తగినది పుచ్చుకొనవలెను గదా! అందరికి ముందే తెలిసినదానిని తెచ్చి, నాది యని కంచె వేసుకొనుటకు ఎవ్వరికిని హక్కు లేదు. మన దేశమున 1970 నాటి పేటెంట్ల చట్టము 1972 ఏప్రిల్ 20 నుండి అమలులోనికి వచ్చినది. ఆ చట్టము ప్రకారము వస్తువు కొత్తదైన మాత్రమున చాలదు. ఆ విద్యలో నేర్పుగలవానికి ఇట్టే తోచునట్టిది కాకూడదు. ఈ రెండవ నియమమే నేటి నా ప్రసంగ విషయము.

నేర్పుగలవాడనగా నెవడు? మన ఊరి మట్టిమిద్దెను తలచుకొనుడు. దూలములు, వానిపై దంతెలు, వానిపై బండలో కట్టెలో పరచి, పైన ఆకుకంప, ఆపైన మట్టి, అన్నిటికి మీద నీరు దిగకుండ చవుడు. ఏ పొర ఎక్కడ నుండవలెనో మన మిద్దెపనివానికి తెలియును. చవుడు నాలుగంగుళములకు బదులు అయిదంగుళములు వేయుమన్న, కట్టెకు బదులు జమ్మలమడుగు నాపరాయి పరచుమన్న, అతడు ఆశ్చర్యపడడు. అది అతనికి చేతిలోని పని. చట్టము తలచు నేర్పరి ఇట్టివాడే. తన విద్యలో తెలియవలసినదంతయు తెలిసినవాడు, అసాధారణమైన ప్రతిభ మాత్రము లేనివాడు. ఈతడు నిజముగా ఎక్కడనో నివసించు మనుష్యుడు కాడు. పరీక్షకుడు తన మనస్సులో నిలుపుకొను కొలబద్ద.

ఇక పరికరమునకు వత్తము. దానిని కెపాసిటరు అందురు. రెండు లోహపు రేకుల నడుమ విద్యుత్తును సాగనీయని పదార్థమును పలుచగా నుంచినచో, ఆ రేకులపై విద్యుదావేశము నిలువ యుండును. రేకుల వైశాల్యము పెరిగినకొలదియు, నడిమి పొర పలుచబడినకొలదియు ఆ నిలువ హెచ్చును. పూర్వము నెల్లూరు, గూడూరు ప్రాంతములలో దొరకునట్టి అభ్రకమును పొరలుగా చీల్చి, లోహపు రేకులతో మార్చిమార్చి పేర్చి రేడియోలలో వాడెడివారు. నేడు అభ్రకము స్థానమున ఎక్కువగా బేరియము టైటనేటు అను పింగాణివంటి పదార్థమును వాడుచున్నారు. సెల్ ఫోనులో బియ్యపుగింజకంటె చిన్నవైన ఇట్టి కెపాసిటరులు వందలకొలది యుండును. వానిలో ఒక్కొక్క దానియందు వందల పొరలు, ఒక్కొక్క పొర మిల్లీమీటరులో వేయవ వంతుకు అటునిటు.

ఈ బేరియము మనకు పరాయిది కాదు. పులివెందుల ప్రాంతమున వేముల చుట్టుపట్ల త్రవ్విన ముగ్గురాయి, మంగంపేట గనులలోని ముగ్గురాయి బేరియపు ఖనిజమే. ఆ రాతిలో పెద్దభాగము చమురు బావులు త్రవ్వువారికి పోవును. కాని ముగ్గురాయిని బొగ్గుతో కాల్చి, బేరియము కార్బొనేటుగా మార్చి, టైటేనియము ఆక్సైడుతో కలిపి మరల కాల్చిన యెడల బేరియము టైటనేటు తయారగును. మన కాలిక్రింది రాతికిని చేతిలోని ఫోనుకును అంతటి బంధుత్వము కలదు.

ఇప్పుడు పరీక్షకుని బల్ల ముందు మూడు దరఖాస్తులున్నవని ఊహింతము. ఇవి నేను ఉదాహరణకు కల్పించినవి.

మొదటివాడు, “పూర్వులు నూరు పొరలు పేర్చిరి, నేను నూటయిరువది పేర్చితిని, నిలువ ఆ మేరకే పెరిగినది” అనును. పొర పెంచిన నిలువ పెరుగునని ముందే తెలియును. ఫలితము అనుకొన్నట్లే వచ్చినది. ఇది చవుడు మరొక అంగుళము వేయుటవంటిది. పేటెంటు రాదు.

రెండవవాడు పొరల దొంతరకు పైనను క్రిందను తేమ చొరకుండ ఒక కప్పు పొరను చేర్చినాడు. పరీక్షకుడు గ్రంథములు వెదకగా, ఒక పుస్తకములో ఆ దొంతర యంతయు కలదు గాని కప్పు పొర లేదు. వేరొక పుస్తకములో అట్టి కప్పు పొరయే మరియొక పరికరమునకు వేసి, తేమను ఆపుటకే యని చెప్పియున్నారు. ఇచట జాగ్రత్త వలయును. రెండు పుస్తకములను ఒకచోట పెట్టిన మాత్రమున, కలిపితినని చెప్పరాదు. ఆ రెండింటిని కలుపవలెనని నేర్పరికి తోచుటకు కారణమేమో పరీక్షకుడు వ్రాసి చూపవలెను. కప్పు పొర చేయు పని రెండవ పుస్తకములోనే చెప్పబడియున్నది. మొదటి పరికరమునకును తేమ బాధ కలదని అందరెరుగుదురు. కారణము దొరకినది. దీనికిని పేటెంటు రాదు.

మూడవవాని కథ వేరు. దీనికి ఆధారముగా నిజముగా జరిగిన చరిత్రయే కలదు. ఈ పొరలన్నిటిని కలిపి పన్నెండు వందల డిగ్రీలకు పైబడిన వేడిలో కాల్తురు. అంతటి వేడిలో గాలి తగిలినను చెడనిదని పలాడియము అను లోహమును లోపలి రేకులకు వాడిరి. అది మిక్కిలి ఖరీదైనది. నికెలు చవుక. దాని బదులు దీనిని వాడిన బాగుండునన్న కోరిక ఎవనికైనను కలుగును. కాని గాలిలో కాల్చిన నికెలు తుప్పుగా మారును. గాలి తీసి కాల్చినచో పింగాణియే తనలోని ఆమ్లజనిని కోల్పోయి, విద్యుత్తును ఆపవలసినది విద్యుత్తును కారనిచ్చును. ముందు నుయ్యి, వెనుక గొయ్యి! జపాను మొదలగు దేశముల పరిశోధకులు పింగాణిలో కాల్షియము, మాంగనీసు వంటివానిని తగు పాళ్ళలో చేర్చి, గాలి లేక కాల్చినను గుణము చెడని పదార్థమును క్రమముగా సాధించిరి. 1990ల తరువాత నికెలు రేకుల కెపాసిటరులు వ్యాప్తిలోనికి వచ్చినవి. ఇందు కోరిక అందరిది. దారి మాత్రము ఎవ్వరికిని ఇట్టే తోచినది కాదు. ఆనాటి పుస్తకములు ఆ దారిన పోవలదని హెచ్చరించుచుండగా దానిని సాధించినవాడు నిజమైన ఆవిష్కర్త. అట్టివానికి హక్కు నిరాకరించుట అన్యాయము.

కావున పరీక్షకునకు రెండు వైపుల అపాయము కలదు. చులకనగా హక్కు ఇచ్చిన ఊరిసొత్తు ఒకని పాలగును. చులకనగా కాదన్న కష్టపడినవాని నోరు కొట్టినట్లగును. ఈ రెండవ అపాయమునకు మూలము మన మనస్సే. పొడుపుకథ విప్పకముందు పెద్దలందరు తల గోకుకొందురు. విప్పిన తరువాత పసివాడు కూడ “ఓస్, ఇంతేనా!” అనును. కనుక పరీక్షకుడు దరఖాస్తు చదివి కూడ చదువనివానివలె, దరఖాస్తు పెట్టిన తేదీకి వెనుకకు పోయి నిలిచి, ఆనాటి నేర్పరికి ఇది తోచియుండునా యని ప్రశ్నించుకొనవలెను. ఇది శాస్త్రమెంతో మనోనిగ్రహమును అంత.

మన సుప్రీంకోర్టు ఈ విషయమున చెప్పిన ముఖ్యమైన తీర్పు గిన్నెలు చేయు పనిని గూర్చినది. ఉత్తరప్రదేశములోని మీర్జాపురమున పాత్రలు చేయు ఒక సంస్థ, పాత్రను తరిమెన పట్టునప్పుడు ఎగిరిపడక గట్టిగా నిలుపు సాధనమునకు 1951 నాటి తేదీతో పేటెంటు పొందెను. మరొకరు అట్టిదే వాడగా దావా నడచినది. విశ్వనాథప్రసాద్ రాధేశ్యామ్, హిందుస్థాన్ మెటల్ ఇండస్ట్రీస్ అను పేర్లతో ప్రసిద్ధమైన ఆ వ్యాజ్యమున 1978లో సుప్రీంకోర్టు ఆ పేటెంటు చెల్లదని తీర్పు చెప్పినది. తెలిసిన భాగములను తెలిసిన పద్ధతిని అమర్చి, పనివాడు తన కార్ఖానాలో చేసికొను మెరుగు ఉపయోగకరమే కావచ్చును గాని, అది ఆవిష్కరణము కాదని దాని సారాంశము. నేటి కెపాసిటరు పొరలకును ఆ గిన్నెల తీర్పే కొలతయైనది.

ఇక మన పుస్తకముల మాట. పసుపు మన జిల్లాలో పండునది. గాయమునకు పసుపు అద్దుట ఏ తల్లికి తెలియదు? అయినను గాయములను మాన్పుటకు పసుపు వాడుకపై 1995లో అమెరికాలో ఒక విశ్వవిద్యాలయమునకు పేటెంటు దక్కెను. మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి దానిని ఎదిరించెను. ఆనాటి అమెరికా చట్టమున పరదేశపు వాడుక నోటిమాటగా చెప్పిన చెల్లదు, అచ్చులో చూపవలెను. మండలి సంస్కృతము, ఉర్దూ, హిందీ మొదలగు భాషలలోని ముప్పదిరెండు ఆధారములను చూపినది. వానిలో నూరేండ్లకు పైబడినవియును గలవు. 1997లో ఆ పేటెంటు రద్దయినది. ఆ వ్యాజ్యమును గెలిపించినది ఆయుధము కాదు, ధనము కాదు. ఎవరో ఎన్నడో వ్రాసిన పుటలు, మరెవరో పారవేయక దాచిన పుటలు!

1820లో కడపకు వచ్చిన బ్రౌనుదొర, చెదలు తినుచున్న తాళపత్రములను సేకరించి, పండితులను నియమించి ప్రతులు వ్రాయించినాడు. ఆ పని విలువ నాడు ఎందరికి తెలిసెను? దాచినప్పుడు విలువ కనబడదు, కావలసినప్పుడు కనబడును.

మన చట్టము మరొక మంచి మాట చెప్పుచున్నది. దరఖాస్తు ప్రకటింపబడిన పిమ్మట, పేటెంటు ఇచ్చుటకు ముందు, ఎవరైనను అభ్యంతరము తెలుపవచ్చును. స్థానిక సమాజమునందు నోటిమాటగా నున్న జ్ఞానము కూడ అభ్యంతరమునకు ఆధారము కావచ్చును. కాని ఆధారమును రుజువు చేయుటకు వ్రాతయంత గట్టిసాక్షి వేరొకటి లేదు.

కనుక కార్యవర్గమువారికి నాదొక మనవి. ప్రొద్దుటూరి కంసాలి పనిముట్లు, జమ్మలమడుగు నేతగాండ్ర మగ్గపు మెలకువలు, పులివెందుల రైతు బావికాడ చేసికొన్న మార్పులు, ఇవన్నియు చేసినవారి నోట విని, బొమ్మ గీసి, తేదీ వేసి, అచ్చొత్తించి ఇచట భద్రపరచుడు. యువకులకు మాత్రము వేరొక మాట. నిజముగా కొత్తది కనిపెట్టితిమని తోచినచో ముందు దరఖాస్తు పెట్టుడు, తరువాత చాటుడు. ముందే లోకమునకు చెప్పినచో మీ మాటయే మీకు అడ్డు వచ్చును. “ఇది అందరికి తోచునదే” యని పరీక్షకుడు వ్రాసినను జంకక, ఎందుకు తోచదో కారణము చూపి గడువులో జవాబు చెప్పుడు.

పాతది అందరిదిగా నిలువవలెను. కొత్తది కనిపెట్టినవానికి దక్కవలెను. ఏది పాత, ఏది కొత్త యని తేల్చు తక్కెడలో తూనికరాళ్ళు పుస్తకములే. ఆ రాళ్ళను మీరు ఇరువదియైదేండ్లు కాపాడితిరి. స్వర్ణోత్సవమునాటికి మన పల్లె వ్రాసిన పుస్తకము కూడ ఈ బీరువాలో నుండవలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.