సంచికి ఇద్దరు

 

ఈ రోజు మనకు రెండు పనులు. ఒకటి, జాతర వదిలివెళ్లిన చెత్త ఏరడం. రెండోది, ప్రోస్టేట్ క్యాన్సర్ గురించి మన మగవాళ్లతో మాట్లాడటం. "ఈ రెండింటికీ ఏం సంబంధం మేడమ్?" అని మీలో కొందరు అనుకుంటున్నారు. చెప్తాను.

రెండేళ్లకోసారి మేడారంలో నాలుగు రోజుల జాతర జరుగుతుంది. తల్లులు వనప్రవేశం చేస్తారు, భక్తులు బస్సులెక్కుతారు. జంపన్నవాగు ఒడ్డున తడిబట్టలు, చెట్ల కింద ప్లాస్టిక్ గ్లాసులు, పొలాల్లో పగిలిన సీసాలు మనకు మిగులుతాయి. తిండి వాసనకు పశువులు కవర్లు కూడా మింగుతాయి. దున్నేవాళ్ల కాళ్లలో గాజుపెంకులు దిగుతాయి. ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్ల మీద 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధం ఉంది. చట్టమూ ఉంది, చెత్తా ఉంది. అడ్డాకు విస్తరిలో తిని పారేసిన రోజుల్లో దాన్ని మట్టే తినేసేది. ఇప్పుడు మనం వంగి ఏరాల్సిందే.

ఇక రెండో సంగతి. ప్రోస్టేట్ గ్రంథి మగవాళ్లకే ఉంటుంది, మూత్రాశయం కింద. 50 దాటాక దానికి క్యాన్సర్ ముప్పు పెరుగుతూ పోతుంది. తండ్రికో, అన్నదమ్ములకో వచ్చి ఉంటే ఇంకా ఎక్కువ. మొదట్లో చాలామందికి ఏ బాధా ఉండదు. రాత్రి మాటిమాటికీ లేవడం, ధార సన్నబడటం, మూత్రం ఆగి ఆగి రావడం, మూత్రంలో రక్తం, ఎంతకీ తగ్గని నడుము నొప్పి ఉంటే డాక్టరుకు చూపించుకోవాలి. ఇవన్నీ క్యాన్సరే కానక్కర్లేదు. వయసుతో గ్రంథి మామూలుగా పెరిగినా మూత్రం ఇబ్బందులు వస్తాయి. పి.ఎస్.ఎ. అనే రక్తపరీక్ష ఉంది. అందులో అంకె ఎక్కువొచ్చినంత మాత్రాన క్యాన్సర్ అని కాదు, ఇంకా పరీక్షలు చేసి తేలుస్తారు. గ్రంథి దాటకముందే కనిపెడితే నయమయ్యే అవకాశం చాలా ఎక్కువ. ఎముకలకు పాకాక కష్టం. ఇది అంటురోగం కాదు, ఏ దేవత కోపమూ కాదు.

30 దాటినవాళ్లకు ప్రభుత్వం ఊళ్లలో చేయించే పరీక్షల్లో బీపీ, షుగర్‌తో పాటు నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లు చూస్తారు. ప్రోస్టేట్ అందులో లేదు. అంటే ఈ ప్రశ్న అడగడానికి మన గడపకు ఎవరూ రారు. మనవాళ్లే లేచి వెళ్లాలి.

వెళ్తారా? హాస్టల్లో బిడ్డకు జ్వరమని తెలిస్తే, పని వదిలేసి అడవి దాటి వచ్చే నాయనలను చూస్తుంటాను. తమ ఒంట్లో బాగాలేదని మాత్రం ఒక్కరూ చెప్పరు. అందులోనూ మూత్రం సంగతంటే సిగ్గు. "ముసలితనం కదా" అని ఊరుకుంటారు. కూర్చోబెట్టి ఎదురుగా అడిగితే లేచిపోతారు. చేతిలో పని ఉండి, చూపు నేల మీద ఉంటే మాట దానంతటదే వస్తుంది. తునికాకు కోసేటప్పుడు ఎన్ని ముచ్చట్లు చెప్పుకుంటామో మీకు తెలియదా!

అందుకే ఈ రోజు సంచికి ఇద్దరు. ఒకరు మూతి పట్టుకోవాలి, ఒకరు వేయాలి. ఒక కుర్రాడికి ఒక పెద్దాయన జత. "తాతా, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నవ్?" ఆ ఒక్క ప్రశ్న చాలు. మీరు డాక్టర్లు కారు, భయపెట్టొద్దు. ఆయన చెప్పింది నలుగురిలో అనొద్దు. అవసరమైతే పీహెచ్‌సీకి వెంట వెళ్లండి. పెద్ద పరీక్షలకు ఎక్కడికి పంపాలో అక్కడి డాక్టరు చెప్తారు. ఏ బాధా లేనివాళ్లు పరీక్ష చేయించుకోవాలా వద్దా అన్నదీ ఆయనతో మాట్లాడే తేల్చుకోవాలి. ఖర్చుకు భయపడేవాళ్లకు ఆరోగ్యశ్రీ గురించి చెప్పండి. మన రాష్ట్రంలో 2023 డిసెంబర్ నుంచి దాని పరిమితి 10 లక్షలు.

చెల్లెళ్లారా, ఇది మగవాళ్ల సంగతని మీరు పక్కకు తప్పుకోకండి. నాయన రాత్రి ఎన్నిసార్లు తలుపు తీస్తాడో అమ్మకు తెలుసు. అమ్మను అడగాల్సింది మీరే.

చివరగా నాలుగు జాగ్రత్తలు. గ్లౌజులు, బూట్లు లేకుండా దిగొద్దు. పొదలో చెయ్యి పెట్టేముందు కర్రతో కదపండి, పాములుంటాయి. గాజుకు వేరే సంచి. ప్లాస్టిక్‌ను కుప్పపోసి కాల్చొద్దు, ఆ పొగ విషం.

సంచులు ఆ చింతచెట్టు కింద ఉన్నాయి. జతలు కట్టండి.