తల్లి పేరున సాయం, తల్లి నెత్తిన అప్పు



పేదింటి ఆడపిల్లల కాలేజీ చదువుకు ప్రభుత్వ సాయం ఎంతవరకు అందుతోంది అనే విషయం మీద మాట్లాడమన్నారు. ఒక తల్లి మాటతో మొదలుపెడతాను. ఆమె పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీకి పనికి వెళుతుంది. జీడి సొనకి చేతివేళ్ళు నల్లబడి ఉంటాయి. ఆమె నాతో అన్నది: "గుంట సదువుకి సర్కారే కడతాదన్నారు. కాలేజీవోళ్ళేమో ముందు మీరు కట్టీండి, డబ్బులొచ్చేక ఇచ్చేస్తాం అన్నారు. సంఘంలో అప్పు తీసి కట్టినాను. గుంట సదువైపోనాది, అప్పు అవనేదు."

ఆ అమ్మాయి డిగ్రీ పాసయింది. విశాఖపట్నంలో చిన్న ఉద్యోగం దొరికింది. చేరడానికి సర్టిఫికెట్లు కావాలి. ప్రభుత్వం నుంచి రావలసిన చివరి విడత రాలేదు కనుక, ఆ బాకీ కడితేనే సర్టిఫికెట్లు ఇస్తామన్నారు కాలేజీవాళ్ళు. బాకీ పడింది ప్రభుత్వం. తాకట్టు పెట్టుకున్నది మాత్రం పిల్ల సర్టిఫికెట్లను. ఆ ఉద్యోగం ఆమె కోసం ఆగలేదు.

మనం వాడుకగా 'రీయింబర్స్‌మెంటు' అంటున్నాం. ఆ మాటకి అర్థం తిరిగి చెల్లించడం. తిరిగి చెల్లించాలంటే ముందు ఎవరో ఒకరు చెల్లించి ఉండాలి కదా! ఆ ఎవరో ఎవరన్నదే ఈ రోజు నేను అడుగుతున్న ప్రశ్న.

ఈ సాయం ఎవరి దయ వల్లా వచ్చింది కాదు. దళిత విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పులు 1944లో, అంబేద్కర్ వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో సభ్యుడిగా ఉన్న కాలంలో మొదలయ్యాయి. 2008లో రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంటును వెనుకబడిన కులాలకూ, ఇతర పేదలకూ విస్తరింపజేసింది. మన జిల్లాల్లో ఎన్నో ఇళ్ళ నుంచి మొదటి పట్టభద్రురాలు బయటికి వచ్చింది ఆ తరవాతే. ఆ మేలును తక్కువ చేసి మాట్లాడను. కానీ చెల్లింపుకి గడువు పెట్టని హామీ పేదవాడికి హామీ కాదు. ఏ ప్రభుత్వం వచ్చినా బకాయిలు పేరుకుంటూనే ఉన్నాయి. దిగిపోయినవాళ్ళు వచ్చినవాళ్ళ మీదికీ, వచ్చినవాళ్ళు దిగిపోయినవాళ్ళ మీదికీ తోసేస్తారు. మధ్యలో పరీక్ష ఫీజు గడువు మాత్రం ఎవరి కోసమూ ఆగదు.

2021లో ఫీజు సొమ్మును తల్లి ఖాతాలో వేయడం మొదలుపెట్టారు. తల్లికి గౌరవం అన్నారు. ఆ సంవత్సరాల్లో హాస్టలు ఖర్చుకని డిగ్రీ విద్యార్థికి ఏడాదికి 20,000 రూపాయలు కూడా రెండు విడతలుగా ఇస్తామన్నారు. తల్లి పేరు గుర్తించడం మంచిదే. అయితే జరిగిందేమిటి? విడత ఆలస్యమైతే కాలేజీ నిలదీసేది తల్లిని. సొమ్ము పడ్డాక ఇంట్లో రోగమో నొప్పో వచ్చి వాడుకుంటే దోషి తల్లి. ఖాతా ఆమెది, దాని మీద అధికారం మాత్రం ఆమెది కాదు. 2024లో ప్రభుత్వం మారాక ఫీజు నేరుగా కాలేజీల ఖాతాలకే వేస్తామన్నారు. ఖాతా ఎవరిదైనా కానీండి, సొమ్ము వేళకి పడకపోతే ఆ భారం మళ్ళీ తల్లి మీదే పడుతుంది.

1982లో డ్వాక్రా పథకం మొదలైనప్పుడు మన రాష్ట్రంలో ముందుగా ఎంచుకున్న జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. ఆడవాళ్ళు తమకంటూ ఒక సంపాదన ఏర్పరచుకోవాలని ఆ సంఘాలు పెట్టారు. గేదె కొనుక్కోవడానికో, కొట్టు పెట్టుకోవడానికో తీసుకోవలసిన అప్పు ఇప్పుడు కాలేజీ కౌంటర్లో జమ అవుతోంది. ప్రభుత్వం మోయవలసిన వడ్డీని జీడిపిక్కలు ఒలిచే ఆడది మోస్తోంది.

ఇక ఫీజు వేళకే వచ్చిందనుకుందాం. దానితో చదువు సాగుతుందా? బస్సు చార్జీ, గది అద్దె, పుస్తకాలు, ఇప్పుడు సెల్‌ఫోను కూడా. సీతంపేట కొండ మీది సవర పిల్ల శ్రీకాకుళం వచ్చి చదవాలంటే ఫీజు కంటే ఉండటానికీ తినడానికీ అయ్యేదే ఎక్కువ. పైగా 2020 డిసెంబరులో 77వ నంబరు జీవోతో ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవారికి ఫీజు సాయం తీసేశారు. చేతిలో ఉన్న డబ్బు ఇద్దరు బిడ్డల్లో ఒకరికే సరిపోతే, ఆ ఒకరు ఎవరో నేను చెప్పక్కరలేదు. మగపిల్లాడు విశాఖకి వెళతాడు, ఆడపిల్లకి సంబంధాలు చూస్తారు. ఆడపిల్లకి చదువు వద్దని అనేవాళ్ళు ఇప్పుడు తక్కువ. "ఈ ఏడాది డబ్బు లేదు" అంటారు. ఫలితం మాత్రం అదే.

బ్యాంకు అప్పు ఉందిగా అంటారు కొందరు. 2024 నవంబరులో కేంద్రం తెచ్చిన పీఎం విద్యాలక్ష్మి పథకం దేశంలో పై వరసలో ఉన్న సుమారు 860 సంస్థలకే మొదలైంది. మన పిల్లలు చదివే ఊరి కాలేజీలు ఆ వరసలోకి ఎక్కడ వస్తాయి?

చట్టం ఏమంటోందో కూడా చూడాలి. 1992లో మోహినీ జైన్ అనే విద్యార్థిని కర్ణాటకలో వైద్య విద్య క్యాపిటేషన్ ఫీజు మీద సుప్రీంకోర్టుకి వెళితే, విద్య హక్కేనని కోర్టు చెప్పింది. మరుసటి ఏడాది, 1993లో, మన రాష్ట్రం నుంచి వెళ్ళిన ఉన్నికృష్ణన్ కేసులో ఆ హక్కుకి ఒక గీత గీసింది. 14 ఏళ్ళ వరకు ప్రాథమిక హక్కు. ఆ తరవాత, రాజ్యపు ఆర్థిక స్తోమతకు లోబడి. రాజ్యానికి స్తోమత లేకపోతే ఏమవుతుందో ఆ తీర్పు చెప్పలేదు. మన ఇళ్ళు చెబుతున్నాయి. రాజ్యానికి లేని స్తోమత తల్లికి ఉండాలని ఈ వ్యవస్థ అనుకుంటోంది.

మనం ఏం చేయగలం? ముందుగా, ఉన్న హక్కులు తెలుసుకుందాం. అసలు సర్టిఫికెట్లను పరిశీలించి వెంటనే తిరిగి ఇచ్చేయాలనీ, దగ్గర పెట్టుకోకూడదనీ యూజీసీ 2018లో ప్రకటన ఇచ్చింది. ఎవరైనా సర్టిఫికెట్లు ఆపితే నోటిమాటతో సరిపెట్టుకోవద్దు. ఎందుకు ఇవ్వరో కాగితం మీద రాసివ్వమని అడగండి. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి. 'ప్రభుత్వం నుంచి వచ్చాక తిరిగి ఇస్తాం' అన్న మాట కూడా ఆ రసీదు మీదే రాయించండి. ఒక్కతే వెళితే గుమస్తా కసురుకుంటాడు. సంఘం నుంచి పదిమంది వెళితే కుర్చీ వేస్తాడు. ఇది మనకు అనుభవమే.

తరవాత, ప్రభుత్వాన్ని అడగవలసినవి మూడు. ఫీజు సొమ్ము ఏ నెలలో చెల్లిస్తారో ఆ తేదీని ఉత్తర్వులో రాయాలి. తేదీ దాటితే వడ్డీ ప్రభుత్వమే భరించాలి. ప్రభుత్వ బకాయి సాకుతో ఏ పిల్లకీ హాల్ టికెట్టు గానీ సర్టిఫికెట్టు గానీ ఆపకూడదు. కరెంటు బిల్లు ఒక్క నెల ఆలస్యమైతే మన దగ్గర అపరాధ రుసుము వసూలు చేస్తారు కదా! అదే న్యాయం అటువైపు కూడా వర్తించాలని అడుగుతున్నాం, అంతే.

పలాస తల్లి అప్పు ఇంకా తీరలేదు. ఆమె చిన్న కూతురు ఈ ఏడాది ఇంటర్ రెండో సంవత్సరం. "దీన్ని కూడా సదివించాలమ్మా" అన్నది నాతో. ఆ ధైర్యం ఆమెకు ఉంది. దాని ఖరీదు ఆమె ఒక్కతే కట్టకుండా చూడటం మన సంఘం పని.