కళాశాలను నడపు విద్య



వంతెన కట్టించువాడు ఇంజనీరింగు చదివియుండవలెనని మనమందరము ఒప్పుకొందుము. కళాశాలకు ప్రిన్సిపాలుగా కూర్చుండువాడు ఏమి చదివియుండవలెనో మాత్రము ఎవరును అడుగరు. ఆయన రసాయనశాస్త్రమో చరిత్రయో చదివి, పాతికేండ్లు పాఠములు చెప్పి, వరుస వచ్చినప్పుడు ఆ కుర్చీ యెక్కును. మరునాటి ఉదయమే బడ్జెటు కాగితములు, వసతిగృహపు కూరగాయల బిల్లు, ఫీజు కట్టలేక చదువు మానబోవుచున్న పిల్లవాని తండ్రి, అన్నియు ఒక్కసారిగా ఆయన యెదుట నిలుచును. వీనిలో ఏ యొక్కటియు రసాయనశాస్త్రమునకు లొంగునది కాదు.

ఈ చిక్కును అమెరికావారు మనకంటె ముందు గుర్తించిరి. అచట 1901లో జోలియట్ పట్టణమున జూనియర్ కళాశాల యొకటి వెలసెను. ఊరి పిల్లలు ఊరు విడువకుండ రెండేండ్లు చదువుకొనుటకు, పనివారు పని మానకుండ విద్య నేర్చుటకు అట్టి కళాశాలలు తోడ్పడెను. 1947లో అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన సంఘము వానికి 'కమ్యూనిటీ కళాశాల' అను పేరును ప్రచారములోనికి తెచ్చినది. కళాశాలలు పెరిగినవి, నడపువారు చాలలేదు. అందుచేత 1960లో కెల్లాగ్ ఫౌండేషన్ కొన్ని విశ్వవిద్యాలయములకు ధనమిచ్చి, ఈ కళాశాలల అధిపతులను తయారుచేయు ఉన్నత విద్యాశాఖలను ప్రోత్సహించెను. అప్పటినుండి కళాశాలయే పరిశోధనకు విషయమయ్యెను.

మన దేశమున ఆ పేరుతో కళాశాల 1995లో పుదుచ్చేరియందును, మరుసటి యేడు మద్రాసునందును వచ్చినది. పన్నెండవ ప్రణాళికా కాలమున విశ్వవిద్యాలయ నిధుల సంఘము ఆ పథకమును ఉన్న కళాశాలలకే జోడించినది. పేరు ఆలస్యముగా వచ్చిననేమి, ఆ భావము మన తెలుగునాట అంతకుముందే కాలూనినది. దానికి మూలము తార్నాక ప్రక్కనున్న ఉస్మానియా ప్రాంగణమే.

ఆచార్య జి. రాంరెడ్డిగారు ఇచట రాజనీతిశాస్త్రము బోధించిరి. పంచాయతీరాజ్ పాలనను పరిశోధించిరి. 1977లో ఉపకులపతులైరి. ఆ సంవత్సరముననే ఇచట కరస్పాండెన్సు కోర్సుల సంస్థ ఏర్పడినది. నేడది వారి పేరనే నడచుచున్నది. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము, దేశమున మొదటిది, స్థాపింపబడగా దానికి తొలి ఉపకులపతులు వారే. ఇంటర్మీడియెట్ గడప త్రొక్కనివారును అర్హతపరీక్ష వ్రాసి డిగ్రీలో చేరుటకు అచట వీలు కలిగెను. ఊరూరి కళాశాలలలో అధ్యయన కేంద్రములు తెరచిరి. పాఠములను ఆకాశవాణియు వినిపించినది. రేడియోలో పనిచేయువాడను గనుక ఈ మాట చెప్పుటలో నాకు కొంత సంతోషము కలదని ఒప్పుకొందును. 1985లో వారు ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయమునకు మొదటి ఉపకులపతులైరి. తరువాత నిధుల సంఘమునకు అధ్యక్షులైరి.

గ్రామపాలనను చదివినవారు విద్యాపాలనకు వచ్చుట కాకతాళీయము కాదని నా తలంపు. రాజధానిలో వ్రాసిన ఉత్తరువు మారుమూల ఊరికి చేరునప్పటికి ఏమగునో పంచాయతీలను పరిశీలించినవారికి తెలియకుండునా? నాయకత్వమునకు పరిశోధన పనికివచ్చినదనుటకు ఇంతకంటె దగ్గరి దృష్టాంతము నాకు కనబడలేదు.

నేటి నిబంధన చూడుడు. నిధుల సంఘము 2018లో వెలువరించిన నియమముల ప్రకారము డిగ్రీ కళాశాల ప్రిన్సిపాలునకు పిహెచ్.డి. ఉండవలెను. మంచిదే. కాని ఆ పరిశోధన స్ఫటికములపై నుండవచ్చును, ప్రబంధములపై నుండవచ్చును. తాను నడపబోవు కళాశాలపై మాత్రము దాదాపు ఎన్నడు నుండదు. 1986 జాతీయ విద్యావిధానము తరువాత అధ్యాపకులకు శిక్షణ నిచ్చు కళాశాలలు విశ్వవిద్యాలయములలో వెలసినవి. ఉస్మానియాలోను ఒకటి వెలసినది. వానికి రెండు మారులు పేరు మారినది: 2015లో మానవవనరుల అభివృద్ధి కేంద్రములు, 2023లో మాలవీయ మిషన్ కేంద్రములు. కొన్ని వారముల శిక్షణ మేలే, కాని అది పరిశోధన కాజాలదు. పేర్లు మార్చుటలో చూపిన శ్రద్ధ విషయము నెన్నుకొనుటలోను చూపవలసినది.

విద్యాశాస్త్రమును, ప్రభుత్వపాలనశాస్త్రమును ఉస్మానియాయందే కలవు. జిల్లా కళాశాల అధ్యాపకుడొకడు పరిశోధనకు వచ్చినప్పుడు అతనిని ఇట్లు అడుగవచ్చును: మీ కళాశాలలో మొదటి యేడు చేరినవారిలో మూడవ యేటి పరీక్షకు కూర్చున్నవారెందరు? మిగిలినవారు ఎచటికి పోయిరి? నాట్ల కాలమున హాజరు తగ్గుచున్నదా? సాయంకాలపు బస్సు వేళ మార్చినప్పుడు ఆడపిల్లలు మానిరా? తెలుగు మాధ్యమమున చదివి వచ్చిన పిల్లవాడు ఇంగ్లీషు పాఠమున ఎన్నవ వారమున నోరు మూసుకొనుచున్నాడు?

వీనికి సమాధానములు చాలవరకు హాజరు పట్టీలలోనే యున్నవి. ఆ పట్టీలు ప్రిన్సిపాలు గదిలోని బీరువాలో ఉన్నవి. బీరువా నిండగానే పాతవానిని చిత్తుకాగితముల క్రింద అమ్మివేయుట వాడుక. ఈ యేడు అమ్మకమునకు ముందు ఎవరైన ఒక అధ్యాపకుడు ఆ కట్టలు విప్పి, పేర్లు లెక్కించి, పనికి మొదలుపెట్టవచ్చును.