స్వభావము – కథారచన



ముందుగా కథాప్రణాళిక వేసికొనవలెనా, తోచినట్లు సాగవలెనా యను సంశయముతో కలము పట్టక మానువారు ప్రతి యూరను గలరు. కొత్తగూడయు నందుకు వెలి కాదు.

వీరేశలింగము పంతులుగారు గోల్డ్‌స్మిత్ నవలను కొంత ఆధారముగా గొని వ్రాసిన ‘రాజశేఖర చరిత్రము’ 1880లో గ్రంథముగా వెలువడెను. విశ్వనాథవారు ‘వేయిపడగలు’ను 29 దినములలో ఆశువుగా జెప్పగా సోదరుడు వ్రాసికొనెను. ఒకరిది గట్టు వేసిన చెఱువునీరు, ఒకరిది ఏటిపారుదల. పైరు రెండింటను పండును.

జాగ్రత్తపరుడు ముందుగా పటము గీసికొనుగాక. ఆవేశపరుడు పాత్రల వెంట నడచుగాక. ఒకరి పద్ధతి నింకొకరిపై రుద్దినచో కథయే చచ్చును. అయితే దిద్దుబాటు ఇరువురకును తప్పదు. 1892లో ప్రదర్శింపబడిన ‘కన్యాశుల్కము’ను గురజాడవారు మరల వ్రాసి 1909లో ప్రకటించిరి.

ఈ మూడింటిని చదివి, తన స్వభావ మెరిగి, మన యువకుడు కలము పట్టుగాక!