చంద్రబింబము – చిత్తభ్రమ



పౌర్ణమి నాటి సాయంకాలమున ఆలయ ప్రాంగణమున నిలిచి తూర్పునకు చూచినచో, చెట్ల వెనుక ఉదయించు చంద్రుడు ఎంతో పెద్దగా కన్పట్టును. ఆ చంద్రుడే నడిరేయి నడినెత్తికి వచ్చునప్పటికి చిన్నబోవును. నిజముగా తరిగినాడా? లేదు. చేయి చాచి, చిటికెన వ్రేలి గోరును అడ్డుపెట్టి చూడుడు. రెండు వేళలయందును ఆ గోరే బింబమును పూర్తిగా కప్పివేయును. ఆకాశమున బింబము ఆక్రమించు కోణము ఎల్లప్పుడును సుమారు అర డిగ్రీ మాత్రమే.

మరి పెంచినదెవరు? మన మనస్సే. కంటిలో పడు ప్రతిబింబమునకు లోతు లేదు. దానికి లోతును, దూరమును కల్పించునది మనస్సు. చెట్లకు, ఇండ్లకు ఆవల ఉన్న చంద్రుని మిక్కిలి దూరమున ఉన్నట్లెంచి, అందుకు తగినట్లు మనస్సు పరిమాణమును పెంచుచున్నదని పెక్కుమంది శాస్త్రజ్ఞుల అభిప్రాయము.

ఈ శక్తి మనకు శత్రువు కాదు. హారతి పళ్లెమును పక్కనుండి చూచినప్పుడు కంటిలో పడునది కోలరూపమే. అయినను గుండ్రని పళ్లెమనియే గ్రహింతుము. గర్భాలయపు మసకలోని మల్లెకన్న ఎండలోని నల్లరాయియే కంటికి ఎక్కువ కాంతిని పంపవచ్చును. అయినను మల్లెను తెల్లగా, రాతిని నల్లగా చూతుము. మేలు చేయు ఈ మనస్సే ఒక్కొక్కచోట మోసగించును.

శంకర భగవత్పాదులు బ్రహ్మసూత్ర భాష్యపు పీఠికలో ముత్యపుచిప్ప వెండిగా తోచుటను, ఒకే చంద్రుడు ఇద్దరుగా కనబడుటను అధ్యాసకు దృష్టాంతములుగా చూపిరి. వేదాంతులు భ్రాంతిని రెండు విధములుగా చెప్పుదురు. త్రాడని తెలియగానే పాము మాయమగును. ఎండమావి అట్లు కాదు. నీరు కాదని తెలిసినను కనబడుచునే యుండును. అయితే తెలిసినవాడు కడవ పట్టుకొని అటు పోడు. చంద్రుని పెద్దతనము ఈ రెండవ కోవకు చెందినది.

సోదర సోదరీమణులారా! పొలము గట్టు తగవులో అన్న ఆడిన ఒక్క మాట, పదేండ్లు గడచినను మనకు కొండయై నిలుచును. చిన్ననాడు భుజములపై మోసి తిరునాళ్లకు తీసికొనిపోయిన అతని ప్రేమ నడినెత్తి చంద్రునివలె చిన్నదైపోవును. విచారించి తెలిసికొన్న పిదపకూడ ఆ మాట పెద్దదిగానే తోచవచ్చును. తోచనిండు. బాధ పూర్తిగా పోయిన తరువాత పలుకరింతమని కూర్చున్నచో ఈ జన్మ చాలదు. వివేకమను వ్రేలితో కొలిచి చూచి, నేడే అన్నగారి గడప త్రొక్కుదము. అట్టి వివేకమును ఆ పరమాత్మ మనకందరకు ప్రసాదించుగాక!

స్వస్తి.