తెర పెట్టినంతమాత్రాన బోధన మారునా?

(ఉపాధ్యాయుల, తల్లిదండ్రుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



శతవార్షికోత్సవ జ్ఞాపకార్థముగా మన పాఠశాలలకు ఏమి చేయవలెననే ప్రశ్న కొన్ని నెలలుగా మన మధ్య నలుగుచున్నది. తరగతికొక పెద్ద డిజిటల్ తెర కొందామని కొందరన్నారు. పిల్లలకు ట్యాబులు ఇద్దామని మరికొందరన్నారు. ఏది చేసినను అది సంఘస్థుల చందాలతో చేయు పని. ఆ చందాలలో కూలి పనికి వెళ్లువారి దినపు కూలి ఉన్నది, వితంతువుల పింఛను సొమ్ము ఉన్నది. కనుక కొనుటకు ముందు ఒక తేడా తెలిసికొనుట మన బాధ్యత అని తలంచి ఈ విషయము ఎన్నుకొన్నాము. తరగతిలో యంత్రమును వాడుట ఒకటి. విద్యావేత్తలు బ్లెండెడ్ లెర్నింగ్ అని పిలుచు మిశ్రమ అభ్యసనము వేరొకటి. ఈ రెంటిని ఒకటేనని తలంచినచో సొమ్ము ఖర్చగును గాని చదువు పెరుగునన్న భరోసా లేదు.

మొదటిదానిని చూద్దాము. 6వ తరగతిలో 40 మంది పిల్లలున్నారు. పాఠము భిన్నములు. సగమునకు మూడవ వంతు కలిపితే ఎంత? పూర్వము మాస్టారు నల్లబల్లమీద రొట్టె బొమ్మ గీసి ముక్కలు చేసి చూపేవారు. ఇప్పుడు తెరమీద రంగుల రొట్టె తనంతట తానే ముక్కలగుచున్నది. చూచుటకు బాగున్నది. అయితే 40 మందియు ఒకే నిమిషమున ఒకే బొమ్మను ఒకే వేగముతో చూచుచున్నారు. అయిదు నిమిషములలో గ్రహించిన బాలిక ఆవులించుచున్నది. ఎక్కములే రాని బాలుడు ఏమియు అర్థము కాక తల ఊపుచున్నాడు. గంట కొట్టినప్పుడు ఎవరికి వచ్చినదో, ఎవరికి రాలేదో మాస్టారికి తెలియదు. బల్ల మారినది గాని పాఠము జరిగిన తీరు మారలేదు. ఆదివారపు బడిలో ఫ్లానెల్ గ్రాఫు బొమ్మల స్థానమున ప్రొజెక్టరు బొమ్మలు వచ్చినను సంగతి ఇంతే.

ఇప్పుడు రెండవదానిని చూద్దాము. అదే తరగతి, అదే పాఠము. ఉపాధ్యాయురాలు పిల్లలను మూడు జట్లు చేసినారు. ఒక జట్టు కంప్యూటర్ల వద్ద కూర్చుండి ఎవరి స్థాయికి తగిన లెక్కలు వారు చేయుచున్నది. తప్పిన లెక్క మరల వచ్చును. వచ్చినవాడు ముందుకు సాగును. రెండవ జట్టు కాగితములు మడచి, కత్తిరించి, ఒకరికొకరు చెప్పుకొనుచు నేర్చుకొనుచున్నది. మూడవ జట్టు ఉపాధ్యాయురాలి చుట్టూ కూర్చున్నది. ఇరువది నిమిషములకొకసారి జట్లు స్థలము మారుచున్నవి. ఆ మూడవ జట్టులో ఎవరుండవలెనో ఆమె ఎట్లు నిర్ణయించినారు? నిన్న కంప్యూటరు వద్ద చేసిన లెక్కల ఫలితములు చూచి, హారములను సమానము చేయుట ఎవరికి రాలేదో గుర్తించి, వారిని తన వద్దకు పిలుచుకొన్నారు. యంత్రము చూపిన సంగతి ఉపాధ్యాయురాలి నేటి పనిని మార్చినది. ఇదియే మిశ్రమ అభ్యసనము.

అమెరికాలో మైకేల్ హార్న్, హెదర్ స్టేకర్ అనువారు ఈ విషయముపై 2014లో ఒక గ్రంథము వెలువరించినారు. వారు చెప్పిన గుర్తులను మన మాటలలో చెప్పుకొందము. మొదటిది, చదువులో కొంత భాగము ఆన్‌లైనులో జరుగవలెను. అందులో కాలము, స్థలము, మార్గము, వేగము అను వాటిలో కొంతైనను విద్యార్థి చేతిలో ఉండవలెను. రెండవది, మిగిలిన భాగము ఇంటికి వెలుపల, పెద్దల పర్యవేక్షణలో, బడివంటి చోట జరుగవలెను. మూడవది, ఈ రెండు భాగములు ఒకే పాఠముగా ముడిపడి ఉండవలెను. ఈ మూడవ గుర్తునే మనవారు తరచుగా మరచుచున్నారు. కంప్యూటరు గదిలో ఒక పాఠము, తరగతి గదిలో దానితో సంబంధము లేని మరియొక పాఠము జరిగినచో అవి ప్రక్కప్రక్కన ఉన్నవే గాని కలియలేదు.

దీనికి పలు రూపములున్నవి. అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున ఉడ్‌లాండ్ పార్క్ హైస్కూలులో జోనథన్ బెర్గ్‌మన్, ఆరన్ శామ్స్ అను ఇద్దరు రసాయన శాస్త్ర ఉపాధ్యాయులు 2007లో తమ పాఠములను వీడియోలుగా తీయ మొదలిడిరి. క్రీడాపోటీల వంటి పనులమీద బడి తప్పిన పిల్లలకు సహాయము చేయుట మొదటి ఉద్దేశము. తరువాత, పాఠము ఇంటివద్ద వినుట, ఇంటిపని బడిలో చేయుట అను పద్ధతి ఏర్పడినది. ఇందులో వీడియో గొప్పతనము లేదు. వివరించుటకు ఖర్చగు తరగతి కాలము విడుదలై, పిల్లవాడు తడబడిన ఘడియలో ఉపాధ్యాయుడు ప్రక్కన ఉండుటకు అక్కరకు వచ్చుటయే దాని మేలు.

మన తెలుగు నేలపైననే ఈ రెంటికి దృష్టాంతములున్నవి. 1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు, అమెరికా ఉపగ్రహము సహాయముతో, ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు టెలివిజన్ కార్యక్రమములు ప్రసారము చేసిరి. ఆ ప్రయోగమునకు సైట్ అని పేరు. అందులో బడిపిల్లలకు పాఠములును ఉండెను. అది గొప్ప కార్యమే. అయితే గ్రామముల పిల్లలు ప్రసారమైన గడియకే, ప్రసారమైన పాఠమునే చూచిరి. పాఠము ఆపుటకు గాని, మరల వినుటకు గాని వీలు లేదు. 1982లో హైదరాబాదున స్థాపింపబడిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము, నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయము, వేరొక దారి తొక్కినది. అచ్చుపాఠములను విద్యార్థి తన తీరికనుబట్టి ఇంట చదువుకొనును. పిదప అధ్యయన కేంద్రములో అధ్యాపకుని ఎదుట తన సందేహములు అడుగును. ఇంటర్నెట్టు లేని దినములలోనే, మిశ్రమ అభ్యసనపు ఆత్మ అందులో ఉండెను. కొత్త యంత్రము ఉన్నంతమాత్రాన ఇది రాదు, లేనంతమాత్రాన పోదు.

ఫలితముల మాట ఏమని మీరు అడుగవచ్చును. దక్షిణ అమెరికాలోని పెరూ దేశమున పిల్లవాడికొక ల్యాప్‌టాప్ ఇచ్చిరి. 319 గ్రామీణ ప్రాథమిక పాఠశాలలను పరిశీలించి 2012లో వెలువరించిన నివేదికలో, గణితములోను, భాషలోను మార్కులు పెరిగిన జాడ కనబడలేదని వ్రాసిరి. గుజరాత్‌లో ఒక స్వచ్ఛంద సంస్థ నడుపు బడులలో, గణితపు కంప్యూటరు పాఠములను రెండు విధములుగా పరీక్షించిరి. లీ లిండెన్ అను ఆర్థికవేత్త 2008లో వ్రాసిన ప్రకారము, ఉపాధ్యాయుని బోధనను తగ్గించి దాని బదులు కంప్యూటరు పెట్టినచోట పిల్లలు వెనుకబడిరి. బడి వేళలకు వెలుపల అదనముగా పెట్టినచోట ముందుకు వచ్చిరి. పాఠములు ఒకటే, వాటిని అమర్చిన విధము వేరు.

ఢిల్లీలో కార్తీక్ మురళీధరన్, మరి ఇద్దరు ఆర్థికవేత్తలు చేసిన పరిశోధన 2019లో ప్రచురింపబడినది. ప్రభుత్వ బడులలోని 6వ తరగతి పిల్లలు గణితములో సగటున రెండున్నర తరగతులు వెనుకబడియున్నట్లు వారు కనుగొనిరి. ఆ కేంద్రములలో పిల్లలు సాయంకాలమువంటి బడి లేని వేళలలో 90 నిమిషములు గడిపేవారు. అందులో 45 నిమిషములు తమ స్థాయిని కనిపెట్టి లెక్కలిచ్చు కంప్యూటరు వద్ద. మిగిలిన 45 నిమిషములు చిన్న జట్టుగా ఒక సహాయ ఉపాధ్యాయుని వద్ద. నాలుగున్నర నెలలలోనే గణితములోను, హిందీలోను స్పష్టమైన అభివృద్ధి కనబడినది.

దీనికి మించి గొప్పలు చెప్పుట న్యాయము కాదు. అమెరికా ప్రభుత్వ విద్యాశాఖ అనేక పరిశోధనలను కూర్చి 2009లో వెలువరించి, 2010లో సవరించిన నివేదికలో, ముఖాముఖి బోధన మాత్రమే పొందినవారికంటె, దానితో ఆన్‌లైను కలిపి చదివినవారు కొంత మెరుగుగా ఉన్నట్లు తేలినది. అయితే, వీరికి చదువుటకు ఎక్కువ కాలము, ఎక్కువ పాఠ్యసామగ్రి దొరికియుండవచ్చునని, మేలునకు యంత్రమే కారణమని అనుకొనరాదని ఆ రచయితలే హెచ్చరించినారు.

2020 సంగతి కొందరికి మనస్సులో మెదలుచుండును. మార్చిలో బడులు మూతపడినవి. తెలంగాణలో సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్, టీ-శాట్ ద్వారా పాఠములు వచ్చినవి. మిశ్రమ పద్ధతి అప్పుడే చూచితిమి, దానివలన మన పిల్లలకు ఒరిగినదేమి అని తల్లిదండ్రులు మమ్ములను అడుగుచున్నారు. అది మిశ్రమము కాదు. ముఖాముఖి భాగము లేనప్పుడు కలుపుటకు ఏమున్నది? అది ఆపత్కాలములో చేసిన దూరవిద్య. దానిని చూచి దీనిని నిరాకరింపనక్కరలేదు, దానిని చూపి దీనిని పొగడనక్కరలేదు.

అయితే ఆ దినములు ఒక సత్యము నేర్పినవి. మా సంఘములో మేము దర్శించు గృహములలో అనేకము ఒక్క ఫోను గల గృహములు. దానిని తండ్రి పనికి తీసికొనిపోవును. అన్నదమ్ములు ఉన్న యింట ఆడపిల్ల వంతు చివర వచ్చును. ఇంటివద్ద వీడియో చూచి రమ్మనుట అట్టి బిడ్డను తరగతికి ముందే ఓడించుట అగును. కాబట్టి మన పిల్లలకు తగినది, యంత్రమును బడిలోనే ఉంచి జట్లుగా నడుపు పద్ధతి. 2020 జాతీయ విద్యావిధానము సయితము మిశ్రమ పద్ధతులను ప్రోత్సహించుచునే, ముఖాముఖి విద్య ప్రాముఖ్యమును పూర్తిగా అంగీకరించినది.

మరియొక అపాయము కలదు. యంత్రము వచ్చినది గనుక ఒక ఉపాధ్యాయుని తగ్గించవచ్చునని లెక్కలు చూచువారు అనవచ్చును. మిశ్రమ అభ్యసనములో ఉపాధ్యాయుని పని తగ్గదు. పిల్లల ఫలితములు చదువవలెను, జట్లు కూర్చవలెను, రేపటి పాఠము మార్చుకొనవలెను. అందుకు ఆయనకు సమయము, శిక్షణ ఇవ్వని యాజమాన్యము ఎన్ని తెరలు కొన్నను ప్రయోజనము స్వల్పము.

కనుక పాఠశాల కమిటీ ముందు నాలుగు ప్రశ్నలు ఉంచుచున్నాము. ఈ వస్తువువలన పిల్లవాడు తన వేగముతో నడువగలడా? అతడు చేసినది ఉపాధ్యాయునికి తెలియునా? తెలిసినదానినిబట్టి మరునాటి పాఠము మారునా? ఇంట ఫోను లేని బిడ్డకు ఇందులో సమాన భాగమున్నదా? నాలుగింటికి అవునని జవాబు వచ్చినచో కొనండి. రానిచో ఆ సొమ్ము గ్రంథాలయమునకో, మరుగుదొడ్లకో వాడండి. అదియు పిల్లలకు మేలే.

మా సూచన ఇది. తరగతికొక తెర బదులు, బడికొక గదిలో పదిపన్నెండు కంప్యూటర్లు పెట్టుదము. మిగిలిన సొమ్ముతో ఒక సహాయ ఉపాధ్యాయుని నియమించుదము. వారమునకొక గంట ఉపాధ్యాయులు ఫలితములు కలిసి చూచుకొనుటకు విడిచిపెట్టుదము. సాయంకాలములు ఆ గదిని తెరచి ఉంచుదము. డిగ్రీలు చదివిన మన యౌవనస్థులు వంతులవారీగా వచ్చి పిల్లల ప్రక్కన కూర్చుందురు గాక. మొదట ఒక్క బడిలో, ఒక్క తరగతిలో, ఒక్క సంవత్సరము నడిపి, పిల్లలు నిజముగా నేర్చుకొన్నారా అని పరీక్షించి, ఆ తరువాత మిగిలిన బడులకు పోదము.

ఫలకముమీద మన పేర్లు చెక్కించుటకు తెర అనుకూలమే. ఎక్కములు రాని ఆ బాలుడు వచ్చే ఏటికి భిన్నములు చేయగలుగుట మాత్రము ఏ ఫలకముమీదను కనబడదు. మన చందాలు ఆ బాలుని చేరవలెనని కోరుచున్నాము.