గ్రాఫు గీయు కాలిక్యులేటరు – దానిని ఎన్నుకొను విధము



సాంకేతిక విద్యకు బోవు బిడ్డ యున్న యింట, వేసవి ముగియు నాటికి ఒక జాబితా సిద్ధమగును. పుస్తకములు, డ్రాయింగు పరికరములు, వసతిగృహపు రుసుము, ప్రయాణపు ఖర్చు – ఇవి యన్నియు మీ రెఱిగినవే. ఆ జాబితా నడుమ ‘కాలిక్యులేటరు’ అను మాట యొకటి యుండును. తక్కిన వస్తువుల విషయమున మీరు నాణెము చూచెదరు, బేరమాడెదరు. ఈ యొక్క వస్తువు దగ్గర మాత్రము “ఇది పిల్లవానికే తెలియును” అని డబ్బు చేతికిచ్చి యూరకుందురు. పిల్లవాడు అంగడివాని నడుగును. అంగడివాడు ఖరీదైన దానినే మంచిదని చెప్పును.

ఈ వస్తువు నెన్నుకొనుటకు గణితశాస్త్ర పాండిత్య మక్కఱలేదు. ఎద్దును గొనునపుడు మీరు పండ్లు చూచి, నడక చూచి, మన నేలకు పనికివచ్చునా యని విచారించెదరు గదా. అట్టి ప్రశ్నలే నాలుగు ఇక్కడను అడిగినచో చాలును. ఆ నాలుగింటిని మీకు మనవి చేయుటయే నేటి నా ప్రసంగమున ఉద్దేశము.

మొదట వస్తువును గూర్చి రెండు మాటలు. అంగళ్లలో కాలిక్యులేటర్లు మూడు జాతులుగా నుండును. మొదటిది కిరాణా దుకాణమున లెక్క చూచు చిన్న యంత్రము. కూడిక, తీసివేత, హెచ్చవేత, భాగహారము – ఇంతే దాని పని. రెండవది సైంటిఫిక్ కాలిక్యులేటరు. ఒకప్పుడు విద్యార్థులు క్లార్కు పట్టికలు తిరుగవేసియు, స్లైడురూలు జరిపియు కనుగొనిన లాగరిథములను, కోణముల విలువలను ఇది మీట నొక్కినంతనే చూపును. సమీకరణములను గూడ సాధించును. మూడవది గ్రాఫింగు కాలిక్యులేటరు. దీని తెర పెద్దది. ఇది జవాబును చెప్పుటయే గాక, లెక్కను బొమ్మగా గీసి చూపును.

లెక్కను బొమ్మగా గీయుట యననేమి? మీయొద్ద 40 గజముల కంచె యున్నదనుకొనుడు. దానితో పెరటిలో నాలుగు మూలలు సరిగా నుండు మడి నొకదానిని చుట్టవలెను. ఒక ప్రక్క 2 గజములైనచో రెండవ ప్రక్క 18 గజములగును. మడి వైశాల్యము 36 చదరపు గజములు. ఒక ప్రక్క 5 అయినచో రెండవది 15, వైశాల్యము 75. రెండును పదేసి యైనచో 100. ఒకటి 15, రెండవది 5 అయినచో మరల 75. కంచె మారలేదు, మడి మాత్రము పెరిగి పెరిగి మరల తరిగినది. గళ్ల కాగితముపై అడ్డముగా ప్రక్క పొడవును, నిలువుగా వైశాల్యమును గుర్తించి, చుక్కలు పెట్టి కలిపినచో గుట్టవంటి వంపుగీత యేర్పడును. గుట్ట శిఖరము 10 గజముల యొద్ద నుండును. ఏ మడి ఎక్కువ నేలను పట్టునో కంటికే తెలియును. దూలము ఎచ్చట ఎక్కువ వంగునో, మోటారు ఏ వేగమున ఎక్కువ బలము నిచ్చునో తెలిసికొనుటకు ఇంజనీరు చూచునవి ఇట్టి గుట్టలు, లోయలే. ఆ గీతకే గ్రాఫు అని పేరు.

ఇట్టి గీతను అరచేతిలోని యంత్రము గీయుట పురాతనపు సంగతి గాదు. 1972లో అమెరికాలోని హ్యూలెట్-పాకార్డ్ సంస్థ హెచ్.పి.-35 అను చేతి సైంటిఫిక్ కాలిక్యులేటరును 395 డాలర్ల ధరకు విక్రయింప నారంభించెను. దానితో స్లైడురూలునకు కాలము చెల్లనారంభించెను. 1985లో జపానుకు చెందిన కాసియో సంస్థ ఎఫ్.ఎక్స్.-7000జి అను గ్రాఫింగు కాలిక్యులేటరును వెలువరించెను. అట్టివానిలో అంగడికి వచ్చిన మొదటిది అదియే. 1990లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి టి.ఐ.-81, 2004లో టి.ఐ.-84 ప్లస్ వచ్చి అమెరికా పాఠశాలలలో విశేషముగా వ్యాపించెను. 1998 నాటి టి.ఐ.-89, 2013 నాటి హెచ్.పి. ప్రైమ్ మొదలైనవి ఇంకొక మెట్టు పైవి. అవి అంకెలనే గాక అక్షరములతో గూడిన బీజగణితమును సైతము చేయును.

ఇక ప్రశ్నలకు వచ్చెదను. మొదటి ప్రశ్న: పరీక్షాశాలలోనికి దీనిని రానిత్తురా?

నేనెఱిగిన యొక కుటుంబమున తండ్రి మిరపపంట సొమ్ములో పదివేలకు పైగా వెచ్చించి కుమారునికి గ్రాఫింగు యంత్రమును కొనియిచ్చెను. అంగడివాడు “ఇంజనీరింగునకు ఇదియే తగినది” అని చెప్పెనట. మొదటి పరీక్షనాడు పర్యవేక్షకుడు ఆ యంత్రమును బల్లపై ప్రక్కన పెట్టించెను. పిల్లవాని యొద్ద వేరొకటి లేదు. తోటివాని నడుగుట నిషిద్ధము. మూడు గంటల కాలమును దశాంశముల హెచ్చవేతలతో గడిపి, తెలిసిన ప్రశ్నలను గూడ సగములో విడిచి వచ్చెను. తండ్రి డబ్బును పోయెను, పిల్లవాని మార్కులును పోయెను. ఇందులో పర్యవేక్షకుని తప్పేమియు లేదు. గ్రాఫింగు యంత్రము జ్ఞాపకము గలది. అందులో సూత్రములను వ్రాసి దాచుకొనవచ్చును, పాఠములనే దాచుకొనవచ్చును. పుస్తకమును వెలుపల పెట్టించువారు దానిని లోపలికి ఎట్లు రానిత్తురు?

అందుచేత మన పాలిటెక్నిక్కులలోను, ఇంజనీరింగు కళాశాలలలోను సాధారణముగా ప్రోగ్రాము వ్రాయుటకు వీలులేని సైంటిఫిక్ కాలిక్యులేటరును మాత్రమే అనుమతింతురు. కేంద్ర పబ్లిక్ సర్వీసు కమిషను వారి ఇంజనీరింగు సర్వీసుల పరీక్షలో వ్యాసరూప పత్రములకు గూడ అట్టిదే అనుమతి. ప్రవేశపరీక్షలలో ఆ మాత్రపు సౌకర్యమును లేదు. జె.ఇ.ఇ.లో గాని, మన రాష్ట్రముల ఇ.ఎ.పి.సెట్‌లో గాని ఏ కాలిక్యులేటరును తీసికొనిపోరాదు. పట్టభద్రులు వ్రాయు గేట్ పరీక్షలో కంప్యూటరు తెరమీదనే ఒక సైంటిఫిక్ కాలిక్యులేటరు కనబడును, సొంతది పనికిరాదు. కనుక ఇక్కడ చదువు బిడ్డకు గ్రాఫింగు యంత్రము పరీక్షలో తోడు వచ్చుట అరుదు.

మన బిడ్డలు పలువురు అమెరికాకు బోవుచున్నారు గనుక అచ్చటి మాటయు చెప్పవలసి యున్నది. అచ్చటి ఉన్నత పాఠశాలలలో గ్రాఫింగు యంత్రము వాడుక మిక్కిలి కలదు. కొన్ని తరగతులలో అది తప్పనిసరి. కాని కళాశాలలో ఏ యధ్యాపకుడు ఏ పరీక్షకు దేనిని అనుమతించునో ఆయన యిచ్చు పాఠ్యక్రమ పత్రమును చూచియే తెలిసికొనవలెను. చదువు ముగిసిన పిమ్మట ఇంజనీరుగా అనుమతిపత్రము పొందుటకు వ్రాయు మొదటి పరీక్షను అచ్చట ఎఫ్.ఇ. పరీక్ష యందురు. దానికి అనుమతించు యంత్రముల పట్టిక చాల చిన్నది. కాసియోలో ఎఫ్.ఎక్స్.-115, ఎఫ్.ఎక్స్.-991 తరగతివి, టెక్సస్‌లో టి.ఐ.-30ఎక్స్, టి.ఐ.-36ఎక్స్ తరగతివి అందులో గలవు. గ్రాఫింగు యంత్ర మొక్కటియు లేదు. గ్రాఫింగు యంత్రములు విశేషముగా వ్యాపించిన ఆ దేశముననే ఇంజనీర్ల పరీక్షకు సామాన్య యంత్రమునే కోరుచున్నారన్న సంగతి మనము గమనింపదగినది.

రెండవ ప్రశ్న: ఈ చదువునకు నిజముగా కావలసిన పని యేమి?

మన విద్యార్థుల చేతులలో ఎక్కువగా కనబడు కాసియో ఎఫ్.ఎక్స్.-991 తరగతిని తీసికొందము. 2015లో వచ్చిన ఎఫ్.ఎక్స్.-991ఇ.ఎక్స్ అను రకము నాలుగు అవ్యక్తముల వఱకు సమీకరణములను సాధించును. నాలుగు వరుసల మాత్రికలను గుణించును. సమాకలనపు విలువ నిచ్చును. సంకీర్ణ సంఖ్యల లెక్క చేయును. ఒక సూత్రమిచ్చినచో దానికి విలువల పట్టికను గూడ చూపును. ఆ పట్టికను చూచి విద్యార్థి గ్రాఫును తన చేతితో గీసికొనవచ్చును. మన పరీక్షలు కోరునది అదియే. నాలుగేండ్ల చదువునకు ఇట్టి యంత్రము చాలును. దీని ధర వేయి, రెండువేల రూపాయల నడుమ నుండును. గ్రాఫింగు యంత్రమునకు దీనికి ఎన్నోరెట్లు పెట్టవలసివచ్చును.

మఱి ఇంటియొద్ద అభ్యాసమునకు గ్రాఫులు చూడవలెనన్న నెట్లు? దానికి మార్గము గలదు. 2001లో ఆరంభమైన జియోజీబ్రా, 2011లో వచ్చిన డెస్మాస్ అను సాధనములు సెల్‌ఫోనులోనే గ్రాఫులు గీయును. విద్యార్థి వానికి రూక యైన చెల్లింప నక్కఱలేదు. పరీక్షాశాలలోనికి ఫోనును రానీయరు గాని, యింట విషయము నర్థము చేసికొనుటకు పెద్ద తెరపై రంగులలో గీయు ఈ సాధనములు చాలును.

మూడవ ప్రశ్న: బిడ్డ చేతితో గ్రాఫు గీయగలడా?

ఇది ముఖ్యమైన ప్రశ్న. యంత్రము మనము చూపుమన్న మేరకే చూపును. ఇందాకటి మడి లెక్కనే టి.ఐ.-84 వంటి యంత్రమున కిచ్చినారనుకొనుడు. దాని తెర మామూలుగా రెండు దిక్కులందును 10 మొదలు రుణ 10 వఱకే చూపును. మన గుట్ట ఎత్తు 100. కావున తెరపై గుట్టయు కనబడదు, శిఖరమును కనబడదు; దాదాపు నిలువుగా పైకి పోవు గీత యొకటి మాత్రము కనబడును. చేతితో ఒక్కసారి చుక్కలు పెట్టినవాడు “ఇది తిరిగి దిగవలెనే!” అని సందేహించి తెర హద్దులను పెంచును. పెట్టనివాడు నిలువు గీతయే జవాబని వ్రాసి వచ్చును. కిటికీ సందునుండి చూచినవానికి తాటిచెట్టు మొదలు మాత్రమే కనబడినట్లు!

ఇట్టిదే ఇంకొక చిక్కు. కోణములను కొలుచుటకు డిగ్రీ యొకటి, రేడియను ఒకటి, రెండు మానములు గలవు. 30 డిగ్రీల సైను విలువ 0.5. యంత్రము రేడియను పద్ధతిలో నున్నచో అదే 30కి రుణ 0.988 అని చూపును. యంత్రము తప్పు చెప్పలేదు. అడిగినవాడు మానమును చూడలేదు. ధర హెచ్చిన కొలది ఈ చిక్కులు తగ్గవు. ఎక్కములు రానివానికి దుకాణపు లెక్కయంత్రము ఎట్లో, గ్రాఫు గీయరానివానికి గ్రాఫింగు యంత్రము అట్లే. కావున మొదటి యేడు గళ్ల కాగితముల పుస్తకమును, పెన్సిలును కొనియిచ్చుట యుత్తమము.

నాలుగవ ప్రశ్న: ఇది ఎన్నాళ్లు మన్నును, ఎవరెవరికి పనికివచ్చును?

రశీదును, పూచీపత్రమును అడిగి తీసికొనుడు. పేరుగల సంస్థల యంత్రములకు నకిలీలు గూడ తిరుగుచున్నవి. బ్యాటరీ మన యూరి అంగడిలో దొరకునో లేదో కనుగొనుడు. గ్రాఫింగు యంత్రములలో కొన్ని బ్యాటరీలు మార్చుకొనునవి, కొన్ని విద్యుత్తుతో నింపుకొనునవి. నింపుకొనుట మఱచినచో పరీక్షనాడు అవి పలుకవు. పెద్దవాని చదువు ముగిసినచో తమ్మునికో చెల్లెలికో వచ్చునట్టి సామాన్య రకమే కుటుంబమునకు లాభము.

అంగడిలో మీరే చేయదగిన పరీక్ష యొకటి చెప్పెదను. రెండు, కూడికగుర్తు, మూడు, హెచ్చవేతగుర్తు, నాలుగు – ఈ వరుసను నొక్కుడు. జవాబు 14 వచ్చినచో అది హెచ్చవేతను ముందు చేయు సైంటిఫిక్ యంత్రము. 20 వచ్చినచో అది దుకాణపు యంత్రము, బిడ్డకు పనికిరాదు. పిమ్మట 30 డిగ్రీల సైను నడుగుడు, 0.5 రావలెను.

అయితే గ్రాఫింగు యంత్రమును ఎన్నడును కొనరాదా యందురేమో. నేనట్లనను. బిడ్డ చేరబోవు విద్యాలయమువారు ఫలానా రకము కావలెనని వ్రాతమూలకముగా కోరినచో కొనవలసినదే. అట్టిచో వారు వ్రాసిన పేరును, సంఖ్యను అక్షరము తప్పక సరిచూచి, దానినే కొనుడు. దానికంటె పైది వద్దు. బీజగణితమును సైతము చేయు యంత్రములను కొన్ని పరీక్షలలో నిరాకరింతురు గనుక, ‘ఎక్కువ శక్తి గలది’ అన్న మాటకు లోబడవలదు. అట్టి వ్రాత యేదియు లేనిచో ఒక సైంటిఫిక్ కాలిక్యులేటరు చాలును. మిగిలిన సొమ్ము పుస్తకములకును, పరీక్షరుసుములకును అక్కఱకు వచ్చును.

మీ యింట ఈ యేడు చదువునకు బోవు మనుమడో, మనుమరాలో యున్నచో, ‘దీనిని పరీక్షాశాలకు రానిత్తురా? నీ చదువునకు ఇది యేమి పని చేయును? నీవు చేతితో గీయగలవా? ఎన్నాళ్లు మన్నును?’ అని యడుగుడు. మొదటి ప్రశ్నకు జవాబును మాత్రము నోటిమాటగా వినక, కళాశాలవారి నిబంధనల కాగితమును చూపుమనుడు. బిడ్డ దానిని తెచ్చి మీకు చదివి వినిపించిన తరువాతనే డబ్బు సంచి విప్పవలసినదిగా మనవి చేయుచు, ఇంతటితో సెలవు తీసికొనుచున్నాను.